తిరిగిరాని కర్ర

"ఆగవే! ఆ టమాటా మొక్క నిన్నేం చేసిందే!"

అత్తగారి అరుపు పెరడు దాటి, పక్కింటి మేడ దాటి, వీధి మలుపు దాకా వినిపించింది. కోడలు ఆగలేదు. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు అడ్డంగా గుడ్డ, ఒంటి మీద చినుకైనా లేని రోజున రెయిన్‌కోటు. ఎర్రగా పండిన కాయలతో సహా మొక్కను వేళ్ళతో పెకలించి నల్ల సంచిలో కుక్కింది. తర్వాత పాలకూర మడి మీద పడింది. ఆ తర్వాత ముల్లంగి.

ముల్లంగి దగ్గరికి వచ్చేసరికి పెద్దావిడకి ఓపిక నశించింది. గబగబా వచ్చి సంచి రెండో కొస పట్టుకుంది. ఇటు కోడలు, అటు అత్త, మధ్యలో సంచి.

"వదలండి అత్తయ్యా."

"వదలను. నువ్వు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి మిషన్ల ముందు కూర్చుంటే వీటికి నీళ్ళు పోసిందెవరు? నువ్వా?"

"మీరే."

"పురుగు ఏరిందెవరు?"

"మీరే అత్తయ్యా. అందుకే వదలమంటున్నా. ఆ మట్టి మీ చేతులకి అంటుకుంటుంది."

"అంటుకోనీ! ఇన్నేళ్ళూ అంటుకున్న మట్టేగా. ఇవాళ కొత్తగా కాటేస్తుందా?"

కాటేస్తుందనే కోడలు చెప్పదలుచుకుంది మరి.

వారం రోజులుగా ఈ ఇంటిని కుదిపేస్తున్నది ఒక డబ్బాడు మట్టి. కోడలు పనిచేసేది నీళ్ళూ మట్టీ పరీక్షించే కేంద్రంలో. ఊరి చివర రంగుల ఫ్యాక్టరీ పక్కనున్న పొలం మట్టి పరీక్షకు వచ్చింది. పక్కన పెట్టి పోల్చడానికి శుభ్రమైన మట్టి ఒకటి కావాలన్నారు. "మా పెరటి మట్టి కన్నా శుభ్రమైంది ఎక్కడ దొరుకుతుంది!" అని ఈవిడ గొప్పగా డబ్బాలో తీసుకెళ్ళింది. తీరా చూస్తే ఫ్యాక్టరీ పక్క మట్టి బాగానే ఉంది. పెరటి మట్టిలో మాత్రం ఆర్సెనిక్ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు తేలింది. మిషను చెడిందేమోనని మళ్ళీ చేసింది. తన చెయ్యి తప్పిందేమోనని పక్క సీటావిడ చేత చేయించింది. ఎన్నిసార్లు చేసినా అదే తేలింది.

గొప్పలకు పోవడం ఈ ఇంటి జబ్బు. కాపురానికి వచ్చిన కోడలికి కూడా అంటుకుందని చెప్పడానికే ఇదంతా గుర్తుచేశాను. ఆ గొప్పే లేకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. అదీ నిజమే.

"చూడండి అత్తయ్యా," అంది కోడలు, సంచి వదలకుండానే గొంతు తగ్గించి. "మడుల చుట్టూ బిగించిన ఆకుపచ్చ కర్ర పలకలు మన షెడ్డువే కదా. చెద పట్టకుండా వాటికి పట్టించిన మందులో ఆర్సెనిక్ ఉంటుంది. వాన పడ్డప్పుడల్లా కాస్త కాస్త మట్టిలోకి దిగుతుంది. అది నాకు తెలుసు. కానీ ఎంత దిగినా మరీ ఇంత రాదు. అదే నాకు అంతు పట్టడం లేదు. ఇంకేమైనా వేశారా ఇందులో? పురుగుమందు లాంటిది?"

"పురుగుమందా? నేనా?" పెద్దావిడ మొహం జేవురించింది. "ఊళ్ళో వాళ్ళందరికీ వేలు చూపించి చెబుతాను, మా మడిలో మందు పడలేదని! బూడిద తప్ప ఇంకోటి వేసి ఎరగను."

"ఏ బూడిద?"

"పొయ్యి బూడిదే. స్నానాలకి నీళ్ళు కాగబెట్టే పొయ్యిది. బూడిద వేయబట్టే కదా ఇంత గుత్తులు గుత్తులుగా కాసింది."

"ఆ పొయ్యిలో ఏం కాలుస్తున్నారు?"

"ఏం కాలుస్తాం, షెడ్డులో కోయగా మిగిలిన తుంట..."

మాట సగంలోనే తెగిపోయింది.

సంచి కొస పెద్దావిడ చేతిలోంచి జారిపోయింది.

"మందు పట్టించిన తుంటలు," అంది కోడలు మెల్లిగా. అడిగినట్టు కాదు.

"పారేయడం ఎందుకని... ఒక్క ముక్క కూడా వృథా పోనివ్వలేదే నేను. అది చూసి మీ మామయ్య ఎంత మెచ్చుకునేవారో."

"కర్రలో ఉన్నంతసేపు ఆ మందు చాలావరకు కర్రని పట్టుకునే ఉంటుంది అత్తయ్యా. కాలిస్తే పట్టు వదిలేస్తుంది. కొంత పొగలో పోతుంది. మిగిలిందంతా బూడిదలోనే."

"అంటే నా చేత్తో నేనే..." పెద్దావిడ మడి గట్టు మీద కూలబడబోయి, ఆ గట్టు ఏ పలకతో చేసిందో గుర్తొచ్చి నిలబడిపోయింది. "చిట్టెలుకకి పళ్ళు రాకముందు నుంచీ ఈ టమాటాలే పిండి రసం పోశాను. ఈ టమాటాలే."

చిట్టెలుక అంటే ఆవిడ మనవరాలు. కనపడిన ప్రతిదాన్నీ కొరికి చూసే అలవాటు వల్ల వచ్చిన పేరు. అసలు పేరుతో పిలిస్తే పలకదు.

కోడలు తొడుగులు తీసేసి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. "నిన్న డాక్టరమ్మ ఏమందో విన్నారుగా? పిల్లకి భయం లేదంది. టమాటా కాయలోకి పెద్దగా ఎక్కదు కూడా. ముల్లంగితోనూ, ఆకులకి అంటుకున్న మట్టితోనూ ఎక్కువ చిక్కు. ఇకమీదట ఆ మట్టికి దూరంగా ఉంచమంది, అంతే. మీరు తెలిసి చేసింది కాదు."

"తెలిసి చెయ్యలేదని మట్టికి చెప్పు, వింటుందేమో."

అని ముక్కు చీది, కళ్ళు భుజానికి తుడుచుకుని, పెద్దావిడ చెయ్యి చాపింది.

"ఇంకో జత తొడుగులు ఇలా తే. నాటింది నేను. పీకితే నేనే పీకుతాను. నువ్వు పక్కకి జరుగు, వేళ్ళు తెంపేస్తున్నావు."

కోడలు పక్కకి జరిగింది. ఆ ముసలి చేతులు ఒక్క వేరూ తెగకుండా, ఒక్క మట్టిబెడ్డా జారకుండా ముల్లంగి మడి మొత్తం ఖాళీ చేయడం చూస్తూ నిలబడింది. కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా ఈవిడ పని చెడగొట్టదు. కోడలికి ఆ క్షణాన అత్తగారంటే గర్వంగా అనిపించింది. పైకి చెప్పలేదు. చెబితే ఆవిడ నెత్తికెక్కుతుందని భయం.

*

షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంది. రైలు పెట్టె అంత ఇనుప పీపా, దాని నోటికి మర చక్రంతో బిగించే తలుపు. లోపలికి కర్ర తోసి, గాలి పీల్చేసి, ఆకుపచ్చ మందునీళ్ళు కర్ర గుండె దాకా ఎక్కేలా ఒత్తిడి పెడతారు. అలా ఎక్కిన కర్ర భూమిలో పాతినా, నీళ్ళలో ముంచినా చెద తొంగి చూడదు. ఈ పని ఊళ్ళో మొదటిసారి చేసింది మామగారే. ఆయన్ని అందరూ చెదలయముడు అంటారు. ఎదురుగా అన్నా ఆయన ఏమీ అనుకోడు. మీసం దువ్వుకుంటాడు.

మందు ఎక్కిన కర్రని వెంటనే అమ్మేవాళ్ళూ ఉంటారు. చెదలయముడి షెడ్డులో ఆ మాట ఎత్తకూడదు. కర్రని వాలు అరుగు మీద పేర్చి, చుక్క కారడం పూర్తిగా ఆగి, అరచెయ్యి పెట్టి రుద్దితే పచ్చదనం అంటుకోనంత వరకూ గేటు దాటనివ్వడు. ఎవరెంత తొందరపెట్టినా అంతే. "నా గేటు దాటిన కర్ర ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా తిరిగి రాలేదు" అనేది ఆయన నోటి వెంట రోజుకి ఒక్కసారైనా వచ్చే మాట.

కోడలితో ఆయన మాట్లాడటం మానేసి వారం అవుతోంది. మానేశాడంటే పూర్తిగా కాదు. మధ్యలో కొడుకుని నిలబెట్టి మాట్లాడుతున్నాడు. ఆ కొడుకు అసలే మాటకారి కాడు. తండ్రి అరిస్తే తండ్రి వైపు, పెళ్ళాం అరిస్తే పెళ్ళాం వైపు తల తిప్పుతూ వారం గడిపేశాడు. మెడ నొప్పి పుట్టి ఉంటుంది పాపం.

"మీ ఆవిడతో చెప్పరా," అన్నాడు పెద్దాయన, ఆమె ఎదురుగా నిలబడి బూడిద సంగతి అంతా చెప్పిన తర్వాత. "తుంటలు కాల్చడం తప్పే. ఇవాళ్టి నుంచి ఒక్క ముక్క పొయ్యిలో పడదు. అది మన బుద్ధి తక్కువ. కర్ర తప్పు కాదు. నేను దాన్ని కాల్చుకోమని చేయలేదు. నిలబడమని చేశాను."

"మామయ్యతో చెప్పండి," అంది కోడలు మొగుడితో. "కర్ర చెడ్డదని నేనూ అనలేదు. అది చెదని ఆపినట్టు ఇంకేదీ ఆపదు. కానీ పిల్లలు చేతులు పెట్టే చోట, ఆ చేతులు నోట్లో పెట్టుకునే చోట..."

కొడుకు నోరు తెరిచాడు. ఇద్దరిలో ఒక్కరూ ఆ నోటి వంక చూడలేదు.

"పార్కులో కోట కింద మట్టి కూడా చూడాలి మామయ్యా," అంది ఆమె, ఇక మొగుడి అవసరం లేకుండా.

పెద్దాయన చేతిలోని గుడ్డ కింద పెట్టాడు.

కర్రకోట ఈ వీధి చివరి పార్కులో ఉంది. బురుజులూ, జారుడు బల్లా, తాళ్ళ నిచ్చెనా, ఎక్కడానికి వాలు వంతెనా. ఆయన తన చేతులతో కోసి, తన చేతులతో బిగించి, ఊరి పిల్లలకి ఊరికే ఇచ్చినది. ద్వారం మీద ఆయన పేరు చెక్కిన పలక ఉంటుంది. ఆ కోట ఎక్కి ఆడిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి ఎక్కిస్తున్నారు. సాయంత్రం పూట ఎదురు బెంచీ మీద కూర్చుని వాళ్ళ కేకలు వినడమే ఆయన సరదా అంతా.

"కోట జోలికి రాకు," అన్నాడు. ఈసారి సూటిగా ఆమెతోనే.

"చూడకుండా ఎలా మామయ్యా? చూస్తే మీకే..."

"నాకేం తేలాల్సింది లేదు. నా పేరు ఉంది దాని మీద. అందులో చుక్క కారే కర్ర ఒక్కటి ఉన్నా నేను పేరు చెక్కేవాణ్ణా?"

"చుక్క కారడం ఆగినంత మాత్రాన మొత్తం ఆగినట్టు కాదు. ఏళ్ళ తరబడి వాన..."

"నీ చదువు నీ ఆఫీసులో పెట్టుకో అమ్మాయ్!"

ఆ మాట పడగానే కొడుకు తల వంచుకున్నాడు. కోడలు తల వంచలేదు. "పార్కు కమిటీ వాళ్ళకి పొద్దునే చెప్పేశాను. మట్టి పరీక్ష అయ్యేదాకా కోట మూసి ఉంచమన్నాను. మీతో చెప్పకుండా చేసిన పని కాదిది. చెబుదామంటే మీరు వారం నుంచి గోడతో మాట్లాడుతున్నారు."

నిజానికి మాట్లాడింది కొడుకుతో. ఈ ఇంట్లో ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. తిరిగేటప్పుడు అరుగు మీద కొత్త పలకల వరుస కంటపడింది. అంచులు గుండ్రంగా గీసి, మేకు తల ఒక్కటి పైకి రాకుండా, అద్దంలా నున్నగా ఉన్నాయి.

"ఇవెక్కడికి?" అంది మొగుడితో.

"చిన్నపిల్లల బడికి. ఇసుక తొట్టి అంచులు, మెట్లు. సాయంత్రం లారీ వస్తుంది." అతని మొహం వారంలో మొదటిసారి వెలిగింది. "నాన్న చెయ్యి పెట్టలేదు. మొత్తం నేనే చేశాను. మందు కలపడం దగ్గర నుంచి. పొద్దున నాన్న వచ్చి అరచేత్తో రుద్ది చూశారు."

"ఏమన్నారు?"

"ఊఁ అన్నారు."

చెదలయముడి నోటి వెంట "ఊఁ" రావడమంటే మరొకరు శాలువా కప్పడంతో సమానం. అది ఈ ఇంట్లో అందరికీ తెలుసు. చిట్టెలుకకి కూడా.

ఇసుక తొట్టి. పసివాళ్ళు రోజంతా కూర్చుని ఆడే చోటు. కోడలి గొంతు దాకా వచ్చింది మాట. మొగుడి మొహం చూసింది. ఆ వెలుగు చూసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను తన పని గురించి ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పింది ఇదే.

"బాగున్నాయి," అని లోపలికి వెళ్ళిపోయింది.

తండ్రీ, మామగారూ, ఆఫీసరూ ఎవరి ముందూ మాట మింగని మనిషి ఆ పూట మొగుడి ముందు మింగింది. ప్రేమతోనే మింగింది. దాని ఫలితం సాయంత్రానికి తేలింది.

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటి నుంచి కొనుక్కొచ్చిన కూరగాయల వంట. పెద్దాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకి నెట్టాడు.

"గడ్డి నయం."

"అయితే గడ్డే తినండి," అంది పెద్దావిడ. "పెరట్లో అదొక్కటే మిగిలింది. అది కూడా తినకూడదట."

చిట్టెలుక ఫక్కున నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. పిల్ల అందరి మొహాలూ చూసి, చెంచా కొరకడం మొదలుపెట్టింది.

చేతులు కడుక్కుంటుండగా పార్కు కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు, ఎప్పుడూ ఎవరికో సర్దిచెబుతున్నట్టుండే నవ్వు. కుర్చీలో కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దాయనా, పొద్దున మీ కోడలుగారు ఏదో అన్నారు. కోట మూయాలని. మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీ కోట! మీ చేతి పని! దాన్ని మూసే ధైర్యం మాకెక్కడిది?"

పెద్దాయన మీసం మీదికి చెయ్యి పోయింది.

"అందుకే మేమంతా అనుకున్నదేమంటే," ప్రెసిడెంటు గొంతు తగ్గించాడు, "మీరు ఒక్క మాట అంటే చాలు, ఈ సంగతి ఇక్కడితో ఆపేస్తాం. ఆడపిల్ల కదా, ఏదో తూకంలో పొరపాటు పడి ఉంటుంది. మిషన్లన్నాక అటూ ఇటూ అవుతుంటాయి. పైగా ఇంట్లో మాట, బయటికి..."

"ఏమన్నారు?"

"అదే, పొరపాటు..."

"ఎవరికి పొరపాటు?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తాకోడళ్ళిద్దరికీ ఆ గొంతు తెలుసు. షెడ్డులో ఎవరైనా తడి కర్ర గేటు దాటించబోతే వచ్చే గొంతు అది.

"మా కోడలు తూస్తే తూచినట్టే," అన్నాడు పెద్దాయన లేచి నిలబడి. "ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చేసింది. తన చెయ్యి మీద నమ్మకం లేక కాదు, ఇంకొకరి చేత కూడా చేయించింది. ఎందుకో తెలుసా? పని అంటే అలా చేయాలి గనక. నేను అరచేత్తో రుద్ది చూడనిదే కర్ర పంపను. అది రెండోసారి చూడనిదే మాట అనదు. ఈ ఇంట్లో పొరపాటు పడే చేతులు లేవు, తెలిసిందా?"

"అయ్యో, నా ఉద్దేశం..."

"మీ ఉద్దేశం నాకు అర్థమైంది. నా ముందు నా కోడల్ని అబద్ధాలకోరు చేసి నన్ను సంతోషపెడదామని వచ్చారు. వెళ్ళిరండి."

ప్రెసిడెంటు గేటు దాటేదాకా పెద్దాయన ఛాతీ విరుచుకునే ఉన్నాడు. గేటు గొళ్ళెం పడిన చప్పుడు విన్నాక, ఎవరో గాలి తీసేసినట్టు భుజాలు దిగాయి.

తన నోటితో తానే ఏమన్నాడో అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి. కోడలి లెక్క నిజమైతే కోట మాటేమిటి?

పెద్దావిడ ఏదో అనబోయింది. కోడలు ఆవిడ చెయ్యి నొక్కి ఆపింది. కొన్ని మాటలు మనిషి తనంతట తాను అనుకోవాలి.

పెద్దాయన చాలాసేపు కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాడు. చివరికి తిరక్కుండానే అడిగాడు.

"మట్టి ఎక్కడ తీస్తావు?"

"అదే తెలియడం లేదు మామయ్యా. ద్వారం ముందు కొత్త ఇసుక పోశారు. అక్కడ తీసి లాభం లేదు. వాన నీళ్ళు కోట మీద నుంచి ఎక్కడికి దిగుతాయో మీరే చెప్పాలి. కట్టింది మీరు."

"చెప్తే నీకు అర్థం కాదు. పద, చూపిస్తాను."

*

పార్కులో ఇంకా ఎండ ఉంది. బడులు వదిలే వేళ కాలేదు గనక కోట ఖాళీగా ఉంది. పెద్దాయన ముందు నడిచి వంతెన పిడి మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళ వానా ఎండా తిన్న కర్ర ఎక్కడా మెత్తబడలేదు. ఒక్క బీట లేదు.

"చూశావా?" అన్నాడు. కోపంగా కాదు. ఆ ఒక్కమాటైనా వినాలనిపించి.

"చూశాను మామయ్యా. ఇలా నిలబడ్డ పని నేను ఇంకెక్కడా చూడలేదు," అంది కోడలు. మెచ్చుకోలు కోసం అన్నది కాదు. నిజం.

"పైన నీళ్ళు నిలిస్తే పిల్లలు జారిపడతారని మొత్తానికి ఒకటే వాలు పెట్టాను. కోట మీద ఎక్కడ చినుకు పడ్డా గాడుల వెంట వచ్చి ఈ వంతెన కిందే దిగుతుంది. ఇంకెక్కడా చుక్క పడదు. ఎంత పెద్ద వానలో వచ్చినా బురుజులు పొడిగా ఉంటాయి. ఆ గాడులు తీయడానికే నాకు ఒక కాలం పట్టింది." గర్వంగా చెబుతూ వంగి వంతెన కింద చూపించబోయాడు.

అక్కడ నీడలో, చల్లటి మట్టిలో, పిల్లలు బొమ్మరిల్లు కట్టుకున్నారు. పుల్లలతో గోడలు. చిల్లపెంకులతో కంచాలు. ఒక్కో పెంకులో మట్టిముద్ద నొక్కి పెట్టి ఉంది. మధ్యలో ఉన్న ముద్దకి ఒక పక్క పళ్ళ గాట్లు. చిన్నవి, ఎలుక పళ్ళలాంటివి.

పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోడలు ఇచ్చిన గరిటె తీసుకుని, ఆమె చెప్పిన లోతు దాకా తానే తవ్వి, డబ్బాలో మట్టి నింపాడు. మూత బిగించి మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"రేపు తెలుస్తుంది," అంది కోడలు.

"నీకు రేపు తెలుస్తుంది."

లేచి, పార్కు తోటమాలిని పిలిచి తాడు తెప్పించాడు. కోట చుట్టూ తన చేతులతోనే కట్టాడు. ప్రతి స్తంభం దగ్గరా ముడి లాగి చూసి మరీ కట్టాడు. తన పేరున్న పలక కింద కట్టేటప్పుడు తల ఎత్తి ఆ పేరు చదువుకున్నాడు. పలక విప్పలేదు. "ఉండనీ," అన్నాడు. "ఎవరు కట్టారో, ఎవరు మూశారో కూడా జనానికి తెలియాలిగా."

కోడలికి కళ్ళు చెమర్చాయి. ఆ మనిషి ఇంటికి కోడలుగా వచ్చినందుకు ఆమె ఇంత గర్వపడింది ఎప్పుడూ లేదు. అందుకే ఇక లోపల దాచుకోలేకపోయింది.

"మామయ్యా, నేనొకటి పొద్దునే చెప్పాల్సింది. షెడ్డులో ఆ పలకలు. ఇసుక తొట్టివి. ఆయన మొహం చూసి నోరు రాలేదు."

పెద్దాయన చేతిలో తాడు ఆగిపోయింది. ఒక్క క్షణం ఆమె వంక చూసి, జేబులోంచి ఫోను తీశాడు.

"ఒరేయ్, గేటు తియ్యకు."

అవతలి నుంచి ఇంజను రొద వినిపించింది.

"తీశాను నాన్నా. లారీ ఇప్పుడే బయల్దేరింది. నేనూ లారీలోనే ఉన్నాను. దగ్గరుండి దింపిద్దామని."

"వెనక్కి తిప్పు."

"చుక్క కారడం లేదు నాన్నా. మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. మీరు చెప్పింది చెప్పినట్టే చేశాను."

"తెలుసురా," అన్నాడు పెద్దాయన. "నా కర్ర కన్నా బాగా వచ్చింది. పొద్దున ఊఁ అని ఊరుకున్నాను. ఈ మాట అప్పుడే అనాల్సింది. ఇప్పుడంటున్నాను. నీ పనిలో వంక లేదు. అయినా అది పిల్లల దగ్గర ఉండకూడదు. నేను వచ్చి తెచ్చుకుంటాను."

ఫోను కట్టయింది.

"పెట్టేశాడు," అన్నాడు పెద్దాయన. "నా కొడుకే మరి."

బడి రెండు వీధుల అవతల. ఆయన ముందు, మట్టి డబ్బా ఒడిసి పట్టుకుని కోడలు వెనక. నడుస్తూనే అన్నాడు, "నా గేటు దాటిన కర్ర తిరిగి రాలేదనే మాట ఇవాళ్టితో సరి."

"బాధగా ఉందా మామయ్యా?"

"ఉండదా మరి? కానీ తిరిగి తెచ్చుకునేది కూడా నేనే. ఇంకెవరో వచ్చి నా ఇంటి ముందు పారేసే దాకా ఉంటానా?"

బడి గేటు ముందు లారీ ఆగి ఉంది. లోపల తోటలో పసివాళ్ళు గెంతుతున్నారు. వెనక తలుపు ఇంకా తెరవలేదు. ఆ తలుపుకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు కొడుకు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పక్కకి జరగరా."

"జరగను నాన్నా."

వారం రోజుల మౌనం తర్వాత ఆ మనిషి నోటి వెంట వచ్చిన మొదటి ఎదురుమాట అది. కోడలు అడుగు ముందుకి వేయబోయి ఆగింది.

"అమ్మ నాటింది అమ్మ పీకింది. మీ కోటకి మీరు తాడు కట్టారట, తోటమాలి మా డ్రైవరుకి ఫోను చేసి చెప్పాడు," అన్నాడు కొడుకు. "ఇది నా కర్ర. నా మొదటి కర్ర. దీన్ని వెనక్కి తీసుకెళ్ళాల్సి వస్తే తీసుకెళ్ళేది నేను. మీరు కాదు."

పెద్దాయన కొడుకుని కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. అంత ఎత్తు ఉన్నాడని అప్పుడే గమనించినట్టు.

"అయితే తీసుకెళ్తావా?"

కొడుకు తండ్రి వంక చూడలేదు. పెళ్ళాం వంక చూశాడు.

"పొద్దున వీటిని చూసి బాగున్నాయన్నావు. అప్పటికే నీకు తెలుసు కదూ?"

కోడలు ఈసారి తల వంచుకుంది. లారీ ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. అతను వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చుని, లారీని షెడ్డు వైపు తిప్పమన్నాడు.